చూసే కుర్చీ

కిందటి వారం మిమ్మల్ని స్కూలు గేటు దగ్గరే నిలబెట్టేశాను. నేనూ అక్కడే నిలబడిపోయాను మరి, కాళ్లు కదిలితేగా! ఇవాళే ఈ కథలోకి వస్తున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఎదిగిన కూతురున్న ఈ వయసులో చిన్నపిల్లల టీచరు అవుదామని ట్రైనింగులో చేరాను. స్కూలు మా వదినది, అంటే మా ఆయన అక్కయ్యది; స్కూల్లో మాత్రం అందరికీ మేడమ్. మా ఆయన ఆ స్కూలు వ్యానే నడుపుతాడు. నాకు పని నేర్పేది పెద్ద టీచర్. ఆవిడ గదిలో వరసగా వేసిన బల్లలుండవు, బెత్తం ఉండదు, ఏబీసీడీలు బట్టీ పట్టించడం ఉండదు. పిల్లలు తమకి నచ్చిన పని తామే అరలోంచి తెచ్చుకుని, చాలనిపించేదాకా చేసుకుంటారు. ఆ గదిలో ఈ మధ్య ఒక గాజు జగ్గు పగిలింది. కాంట్రాక్టరు గారి అమ్మాయికి, మేమంతా బుడంకాయ అని పిలుచుకునే పిల్లకి, వేలు తెగి కుట్లు పడ్డాయి. ఆయన స్కూలు మూయించేస్తానని ఊగిపోయారు. దాని మీదే శనివారం పొద్దున మీటింగు. నేను గేటు దాటేలోపే వదిన నన్ను పక్కకి లాగి చెవిలో ఒక మాట వేసింది.

ఆ మాట ఇది.

"నువ్వేం అబద్ధం చెప్పక్కర్లేదు. గాజు సామాన్లు వద్దని మొదటి రోజే నువ్వు పెద్ద టీచర్‌తో అన్నావా, లేదా?"

"అన్నాను వదినా."

"ఆవిడ విందా?"

"లేదు."

"అదే చెప్పు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువొద్దు, తక్కువొద్దు. సోమవారం నుంచి ఆవిడ రాదు, బల్లలు వస్తాయి, ఆ గది నీది. ఇక ట్రైనింగంటావా, అయిపోయిందనుకో." అని వ్యాను వైపు చూసింది. మా ఆయన దాని ముందు అద్దం తుడుస్తున్నాడు. "వాణ్ణి కూడా దృష్టిలో పెట్టుకో. స్కూలుంటేనే వ్యాను. వ్యానుంటేనే వాడు."

అబద్ధం చెప్పమంటే కుదరదని ఏదో ఒకలా తప్పించుకునేదాన్నేమో. నిజమే చెప్పమంటుంటే ఏమని తప్పించుకోను?

మా అమ్మాయి అంటూ ఉంటుంది, "అమ్మా, నీ తలకాయలో ఒక టీవీ ఉంది, దాంట్లో రోజంతా ప్రమాద వార్తలే వస్తాయి" అని. ఆ క్షణాన ఆ టీవీ గొంతు పెంచేసింది. వ్యాను పోయింది. మా ఆయన వీధిన పడ్డాడు. అత్తయ్య అన్నం మానేసింది. అమ్మాయి చదువు ఆగిపోయింది. నేను ఏదో ఆఫీసులో నేల తుడుస్తూ కాలు జారి తుంటి విరగ్గొట్టుకున్నాను. గేటు దగ్గర్నుంచి గది గుమ్మం దాకా నడిచేలోపు ఇవన్నీ జరిగిపోయాయి.

గదిలో అడుగు పెట్టాక మాత్రం నవ్వు ఆపుకోవడం కష్టమైంది. అక్కడ ఉన్నవన్నీ పిల్లల కుర్చీలే. తల్లులూ తండ్రులూ మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు. కాంట్రాక్టరు గారు భారీ మనిషి. కుర్చీ ఆయన కింద ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆయన పక్కనే నేల మీద బుడంకాయ, వేలికి తెల్ల కట్టుతో, చెప్పు బకిల్‌ని తీస్తూ పెడుతూ ఉంది. గదిలో ఉన్న ఒకే ఒక్క పెద్ద కుర్చీలో మా అత్తయ్య. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. కూతురి స్కూల్లో మీటింగు జరుగుతుంటే తను లేకుండా ఎలా అని వచ్చేసింది. మా ఆయన లోపలికి రాకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. బయట వరండాలో కొత్త బల్లలు అప్పుడే దిగి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, ప్లాస్టిక్ కవర్లతో సహా. అంటే మీటింగులో ఏం తేలుతుందో మీటింగుకి ముందే తేలిపోయిందన్నమాట.

పెద్ద టీచర్ కిటికీ పక్కన గోడకి ఆనుకుని కింద కూర్చుంది. నన్ను చూసి తలాడించింది అంతే. చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. ఆవిడ పిల్లలతో కూడా అంతే.

కాంట్రాక్టరు గారే మొదలుపెట్టారు.

"నాకు డొంకతిరుగుడు మాటలు తెలీవు, సూటిగా అడుగుతాను. మా పిల్ల ఇక్కడికొచ్చి ఏం నేర్చుకుంటోంది? నీళ్లు పోయడం. గుడ్డలు మడతపెట్టడం. దోసకాయ ముక్కలు కోయడం. నేల తుడవడం. ఏం, నా కూతుర్ని పనిమనిషిని చేద్దామనా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. వదిన నవ్వలేదు. బాధపడుతున్నట్టు కళ్లు దించుకుంది.

పెద్ద టీచర్ తొందరపడకుండా అంది. "సార్, స్కూలుకి మీ పిల్ల తలకాయ ఒక్కటే రాదు. చేతులు వస్తాయి, కాళ్లు వస్తాయి, ఆకలి వస్తుంది, కోపం వస్తుంది, అన్నీ కలిసే వస్తాయి. నేను అన్నిటికీ పని చూపిస్తాను. చెయ్యి కుదురుకున్న పిల్లకి రేపు పెన్సిలు పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు."

"చెయ్యి కుదురుకోలేదండీ, తెగింది!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ రోజు జగ్గు పగిలిన సమయానికి పెద్ద టీచర్ గదిలో లేదు. బట్టలు తడుపుకున్న ఒక పిల్లాడికి బాత్రూములో వేరేవి తొడుగుతోంది. చూడనిదాని గురించి ఆవిడ నోరు విప్పదు. అది ఆవిడ నియమం.

గదిలో ఉన్నది నేను. వదినకి కావలసిందీ అదే.

"సార్, మేం ఏమీ దాచం," అంది వదిన గొంతు తగ్గించి. "ఆ రోజు గదిలో ఉన్న మనిషినే అడగండి. ట్రైనింగులో ఉంది. మా ఇంటి మనిషైనా సరే, ఉన్నది ఉన్నట్టే చెప్తుంది. చెప్పమ్మా. గాజు గురించి నువ్వు మొదట్లోనే ఏమన్నావో సార్‌కి చెప్పు."

లేచాను. తలకాయలో టీవీ మళ్లీ మొదలు.

"గాజు వద్దన్నాను," అన్నాను. "మొదటి రోజే అన్నాను. స్టీలువి పెడదామన్నాను. పెద్ద టీచర్ వినలేదు."

వదిన ఊపిరి వదిలింది. "చూశారా సార్," అంటూ కాంట్రాక్టరు గారి వైపు తిరిగింది.

నా పని అయిపోయింది. కూర్చుంటే చాలు. గది నాది, వ్యాను మాది. కానీ కూర్చోబోతుంటే కిటికీ పక్కన ఆ కుర్చీ కంట్లో పడింది.

ఆ కుర్చీ సంగతి మీకు చెప్పాలి. మా గదిలో దాన్ని చూసే కుర్చీ అంటాం. ట్రైనింగులో ఉన్నవాళ్లు పొద్దున్నే దాంట్లో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, నోరు మూసుకుని పిల్లల్ని చూడాలి. సాయం చేయకూడదు. భేష్ అనకూడదు. అయ్యో అనకూడదు. తర్వాత పెద్ద టీచర్ పక్కన కూర్చుని "ఏం చూశావు?" అని అడుగుతుంది. మొదట్లో నేను "ఆ పిల్లాడు మొండివాడండీ" అంటే, "మొండితనం ఎక్కడ కనబడింది? ఏ రంగులో ఉంది?" అనేది. "ఆ పిల్ల పడిపోతుందేమోనని భయమేసిందండీ" అంటే, "అది నీ లోపల జరిగింది. గదిలో ఏం జరిగిందో చెప్పు" అనేది. నాలాంటిదానికి అది ఎంత నరకమో ఆలోచించండి. చేతులు తొడల కింద తిమ్మిరెక్కేవి. ఇంటికొచ్చాక ఏడ్చేదాన్ని. నెలల తరబడి అలా కూర్చున్నాక తెలిసొచ్చింది, నేను కూతుర్ని పెంచినన్నాళ్లూ కూతుర్ని చూడలేదని, నా భయాన్నే చూసుకున్నానని.

కూర్చోలేదు నేను.

"ఇంకా అయిపోలేదండీ," అన్నాను.

వదిన తల ఠక్కున ఇటు తిరిగింది.

"గాజు వద్దన్నాను. కత్తెర కూడా వద్దన్నాను. దోసకాయ కోసే చాకు వద్దన్నాను. మెట్లు వద్దన్నాను. ఆఖరికి పూసలు ముక్కులో పెట్టుకుంటారని పూసలు కూడా వద్దన్నాను. నేను అన్నిటికీ వద్దంటాను సార్. కావాలంటే మా అత్తయ్యని అడగండి."

"దిండు వేసుకుంటే మెడ పడుతుందంటుంది, వేసుకోకపోతే రక్తం తలకెక్కుతుందంటుంది," అంది అత్తయ్య వెంటనే. ఆవిడకి ఛాన్సు దొరికితే వదలదు. "నన్ను ఏ పక్కకి తిరిగి పడుకోమంటుందో ఇప్పటిదాకా తేల్చలేదు."

ఈసారి గది మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను.

"అదంతా నా భయం. మేడమ్ అడిగింది దాని గురించి, నిజమే చెప్పాను. కానీ మీకు కావలసింది నా భయం కాదు కదా సార్. ఆ రోజు నేను ఏం చూశానో అడగండి."

"ఇంక చాలు, కూర్చో," అంది వదిన.

"అడుగుతున్నానమ్మా," అన్నారు కాంట్రాక్టరు గారు. "ఏం చూశావు?"

చూసే కుర్చీ ముందు నిలబడి చెప్పాను. పెద్ద టీచర్‌కి ఎలా చెప్తానో అలాగే చెప్పాను.

"బుడంకాయ జగ్గు ట్రేలోంచి తీసింది. ఒక చెయ్యి పిడికి, ఒక చెయ్యి అడుక్కి. పంపు దగ్గర సగం దాకా నింపింది. కిటికీలో మొక్కకి పోయడానికి బయల్దేరింది. చూపు నీళ్ల మీదే ఉంది. నాలిక కొంచెం బయటకొచ్చింది. చాప అంచు దగ్గర ఆగి, కాలు ఎత్తి, దాటింది. ఒక్క చుక్క పడలేదు. అప్పుడు తలుపు తెరుచుకుంది. మేడమ్ ఇద్దరు కొత్తవాళ్లని స్కూలు చూపించడానికి తీసుకొచ్చారు. పని జరుగుతున్నప్పుడు గదిలోకి ఎవరూ రాకూడదు. వచ్చారు. మేడమ్ చప్పట్లు కొట్టారు. 'ఏయ్ బుడంకాయ్! ఇటు తిరుగు! అంకుల్‌కి ఏబీసీడీ చెప్పు!' అన్నారు. పిల్ల తిరిగింది. మోచెయ్యి అర మూలకి తగిలింది. జగ్గు పడింది."

వదిన వైపు చూడకుండా మళ్లీ మొదలుపెట్టాను.

"పగిలాక పిల్ల కదల్లేదు. గాజు పగిలితే ఎక్కడున్నవాళ్లు అక్కడే నిలబడాలి, పెద్దవాళ్లు చీపురు తెస్తారు అని పెద్ద టీచర్ అందరికీ నేర్పింది. అలాగే నిలబడింది. అప్పటికి వేలికి ఏమీ కాలేదు. మేడమ్ పిల్ల దగ్గరే ఉన్నారు, నేను చీపురూ చేటా తేవడానికి లోపలి గదిలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి వేలి నుంచి రక్తం కారుతోంది."

"మధ్యలో ఏం జరిగింది?" అన్నారు కాంట్రాక్టరు గారు.

"నేను చూడలేదు సార్. చూడనిది చెప్పను."

"సిగ్గులేదూ నీకు!" వదిన లేచి నిలబడింది. "ఇంట్లో కూర్చున్నదాన్ని తెచ్చి, పని నేర్పించి, మనిషిని చేస్తే ఇదా! సార్, దీనికి మొదట్నుంచీ భ్రమలు, మీరే విన్నారుగా..."

"భ్రమలున్న మాట నిజమే వదినా," అన్నాను. మేడమ్ అనడం మర్చిపోయాను. "పాతికసార్లు నా తలకాయలో పగిలింది. పిల్ల చేతిలో మాత్రం ఒక్కసారి కూడా పగల్లేదు, మీరొచ్చి చప్పట్లు కొట్టేదాకా."

అంతే, గది సంతలా అయింది. ఒకాయన బల్లలే మేలన్నాడు. ఒకావిడ మా అబ్బాయి ఇంట్లో తన కంచం తనే కడుక్కుంటున్నాడు, వాణ్ణి బల్లకి కట్టేయడానికి నేనొప్పుకోను అంది. వదిన గొంతు అందరి మీదా లేచింది. ఆ గోలలో నేను కిందకి చూశాను.

బుడంకాయ అక్కడ లేదు.

అర దగ్గరుంది. మిగిలిన రెండో గాజు జగ్గు చేతిలో ఉంది. ఒక చెయ్యి పిడికి, కట్టు ఉన్న చెయ్యి అడుక్కి.

నా తలకాయలో వార్తలు మొదలయ్యాయి. కట్టు జారుతుంది, జగ్గు తడిస్తే పట్టు దొరకదు, ఇన్ని కాళ్ల మధ్య ఎవరికో తగులుతుంది, ఈసారి వేలు కాదు మణికట్టు, నరం... నేను అరవడానికి నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను.

మూసేశాను.

ఆ లోపే కాంట్రాక్టరు గారు చూసేశారు. కుర్చీతో సహా లేవబోయారు. నేను ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను. అంత మనిషికి ఎదురుగా ఇంతదాన్ని.

"కూర్చోండి సార్," అన్నాను మెల్లిగా. "అరవకండి. చేతులు తొడల కింద పెట్టుకోండి."

"ఏం మాట్లాడుతున్నావ్! అది నా కూతురు!"

"నేనూ తల్లినే సార్. మీకంటే నాకే ఎక్కువ భయంగా ఉంది. పెట్టుకోండి."

ఎందుకో తెలీదు, పెట్టుకున్నారు. ఆయన్ని చూసి పక్కావిడ పెట్టుకుంది. ఆవిణ్ణి చూసి వెనకాయన. ఒకరి తర్వాత ఒకరు అందరి చేతులూ తొడల కిందకి వెళ్లిపోయాయి. గోల దానంతటదే ఆగింది. వదిన ఏదో అనబోతే అత్తయ్య పెద్ద కుర్చీలోంచే చేతి కర్రతో నేల మీద ఒక్కటి పొడిచి, నోటి మీద వేలు పెట్టి చూపించింది.

బుడంకాయ పంపు తిప్పింది. నీళ్లు సగం దాకా వచ్చాక కట్టింది. పెద్దవాళ్ల మోకాళ్ల మధ్య సందులోంచి, చెప్పుల పక్క నుంచి, జగ్గులో నీళ్లనే చూస్తూ నడిచింది. నాలిక కొంచెం బయటకొచ్చింది. చాప దగ్గర ఆగింది. కాలు ఎత్తింది. దాటింది. కిటికీ దగ్గరకెళ్లి మొక్కకి పోసింది. అన్నీ పోసింది. కుండీ పక్కన కాసిని నీళ్లు ఒలికితే స్పాంజి తెచ్చి తుడిచింది. జగ్గు తీసుకెళ్లి ట్రేలో, దాని గుర్తు మీద, సరిగ్గా పెట్టింది. ఆ రోజు మధ్యలో ఆగిపోయిన పని అది. ఇన్నాళ్లూ ఆ పిల్ల దాన్ని కడుపులో పెట్టుకుని తిరిగిందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

తర్వాత వాళ్ల నాన్న దగ్గరకొచ్చింది. "నాన్నా, నీ చేతులేవి?" అంది.

ఆయన చేతులు బయటకి తీసి దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. గొంతు సవరించుకుని, "మేడమ్," అన్నారు వదినతో, "ఆ బల్లలు నా పిల్లకైతే అక్కర్లేదు. నాకు కావలసింది ఒక్కటే. ఈవిడ చీపురు కోసం వెళ్లినప్పుడు ఏం జరిగింది?"

"ఏముంది సార్, పిల్లే వంగి ముట్టుకుని ఉంటుంది," అంది వదిన. మా ఆయన వైపు తిరిగింది. నా మీద కోపం అక్కడ దించుకోవాలని. "నీ పెళ్లాన్ని తీసుకుని వెళ్లరా. వ్యాను తాళాలు ఆ బల్ల మీద పెట్టి వెళ్లు."

నేను ఊహించిన వాటిలో ఇది మొదటిదే.

మా ఆయన తన జీవితంలో అక్కకి ఎదురు చెప్పి ఎరగడు. గుమ్మం దాటి లోపలికొచ్చాడు. జేబులోంచి తాళాలు తీశాడు. చిన్నపిల్లలు భోంచేసే ఆ పొట్టి బల్ల మీద, చప్పుడు కాకుండా పెట్టాడు.

"పెట్టేశానక్కా," అన్నాడు. "ఇక నేను నీ డ్రైవర్ని కాదు కాబట్టి ఒక మాట చెప్పొచ్చా?"

"ఏంటి?"

"ఆ రోజు ఇది చీపురు కోసం లోపలికెళ్లినప్పుడు నేను ఆ కిటికీ అవతల వ్యాను కడుగుతున్నాను."

వదిన చెయ్యి తాళాల మీదకి వెళ్తూ మధ్యలోనే ఆగిపోయింది. మొహంలో రంగు లేదు.

"తమ్ముడూ," అంది. అంత మెత్తగా పిలవడం నేనెప్పుడూ వినలేదు. "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పు నాయనా," అన్నారు కాంట్రాక్టరు గారు.

వద్దని అరవాలనిపించింది నాకు. వ్యాను ఎలాగూ పోయింది, ఇక అక్క కూడా పోతుంది, అత్తయ్య ఆ పెద్ద కుర్చీలోనే కుప్పకూలుతుంది, చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను అని. మా ఆయన మాట కోసం తడుముకుంటున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఆ మాట నేను అందించగలను, లేదా ఆపేయగలను. ఇన్నేళ్లూ చేసింది అదే.

వెళ్లి చూసే కుర్చీలో కూర్చున్నాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను.

మా ఆయన తలెత్తి వాళ్లక్క కళ్లలోకి సూటిగా చూశాడు.